షార్త్ర్ కథీడ్రల్ మొదటిసారి చూడబోతున్నారా? రోజును సూర్యుణ్ణి బట్టి వేసుకోండి

ఫ్రాన్సులోని షార్త్ర్ ఊళ్లో కథీడ్రల్ అనే పెద్ద చర్చికి వచ్చేవాళ్లలో చాలామంది ఎదురుగా కనిపించిన తలుపులోంచి లోపలికి వెళ్లి, తలెత్తి కప్పు చూసి, చీకట్లో నాలుగు ఫొటోలు తీసుకుని, అరగంటలో తిరుగు రైలు ఎక్కేస్తారు. వాళ్లకు కనబడేది పెద్ద రాతి హాలు. దీన్ని గాథిక్ అనే మధ్యయుగపు యూరప్ శైలిలో కట్టిన మేస్త్రీలు పట్టుబట్టి సాధించింది వేరు: బరువు మోయనక్కర్లేని చోటల్లా గోడ తీసేసి, ఆ ఖాళీలో వెలుగు నింపారు. అది కళ్లకు కట్టాలంటే ముందు బయట తిరిగి బరువు ఎటు దిగుతోందో చూడాలి, ఆ తర్వాత లోపలికి వెళ్లి వెలుగు ఎటునుంచి వస్తోందో చూడాలి. ఈ వరస మారిస్తే కిటికీలు వట్టి అలంకారంగానే మిగిలిపోతాయి.

బయలుదేరే ముందు

షార్త్ర్ పారిస్‌కు నైరుతి దిక్కున, దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో ఉంది. మోంపర్నాస్ స్టేషన్ నుంచి ప్రాంతీయ రైలు గంట నుంచి గంటంబావులో చేరుస్తుంది. ఊరు దగ్గరపడుతుండగా బోస్ ప్రాంతపు గోధుమ పొలాల మీదుగా రెండు శిఖరాలు కనిపిస్తాయి. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక, దారి అడగాల్సిన పని ఉండదు. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. నేలమాళిగకు, బురుజు ఎక్కడానికి మాత్రం విడివిడిగా డబ్బు కట్టాలి. రెండింటి వేళలూ కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి ముందు రోజే చూసుకోండి.

కనీసం ఐదు గంటలు కేటాయించండి. అంతకంటే తక్కువ సమయమే ఉంటే నేలమాళిగ, బురుజు వదిలేయండి. కిటికీల సమయంలో మాత్రం కోత పెట్టవద్దు.

తీసుకెళ్లాల్సిన వస్తువు ఒక్కటే: బైనాక్యులర్. ఇది లేకుండా వెళ్తే పై వరస కిటికీలు రంగు మరకల్లా కనిపిస్తాయి. 8 రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం 30 లేదా 32 మిల్లీమీటర్లది తీసుకోండి. 10 రెట్లదైతే చేతి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది, బొమ్మ నిలవదు. జేబులో పట్టే 8×21 రకం ఎండలో బాగానే పనిచేస్తుంది గానీ, లోపలి మసక వెలుతురులో చాలదు. ముందు అద్దం వెడల్పును రెట్ల సంఖ్యతో భాగించి చూడండి: 32ను 8తో భాగిస్తే 4 మిల్లీమీటర్లు, 21ని భాగిస్తే రెండున్నర పైచిలుకు. కంటికి చేరే వెలుతురు పాయ వెడల్పు అది. చీకట్లో కంటిపాప విప్పారినప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఎండాకాలంలో కూడా ఒక పలచని స్వెట్టరు ఉంచుకోండి. రాతి కట్టడం లోపల చల్లగా ఉంటుంది, పైగా మీరు చాలాసేపు కదలకుండా కూర్చోబోతున్నారు. పెద్ద సూట్‌కేసు తేవద్దు. కాలకృత్యాలు లోపలికి వెళ్లక ముందే తీర్చుకోండి.

సూర్యుడు ఎటున్నాడు

చర్చిల్లో బలిపీఠం తూర్పున, ముఖద్వారం పడమరన ఉంటాయని పుస్తకాల్లో చదువుతాం. షార్త్ర్ అలా లేదు. కట్టడం ఈశాన్యం వైపు తిరిగి ఉంది. పడమటి ముఖం అనేది నిజానికి నైరుతికి చూస్తుంది, దక్షిణపు గుండ్రని కిటికీ ఆగ్నేయానికి, ఉత్తరపుది వాయవ్యానికి చూస్తాయి. రోజు వేసుకునేటప్పుడు అక్కరకొచ్చేది ఈ సంగతే. ఉదయం పదీ పదకొండు మధ్య దక్షిణపు కిటికీ, బలిపీఠం వెనకున్న అర్ధచంద్రాకారపు భాగం బాగా వెలుగుతాయి. పడమటి కిటికీలకు మధ్యాహ్నం దాటాకే నేరుగా ఎండ తగులుతుంది, సాయంత్రానికి నిండుగా వెలుగుతాయి. ఉత్తరపు కిటికీకి రోజులో ఎక్కువసేపు ఆకాశపు వెలుగే దిక్కు, అందుకే దాని రంగులు రోజంతా పెద్దగా మారవు.

మబ్బు పట్టిందని దిగులు పడవద్దు. పలచని తెల్ల మబ్బు ఉన్న రోజు వెలుతురు అన్ని వైపులనుంచీ సమానంగా వస్తుంది, నీలాలు లోతుగా కనిపిస్తాయి. ఎండ నేరుగా పడినప్పుడు ఎరుపు మండుతుంది, నీలం కొంత వెలసినట్టుంటుంది. రెండూ చూడగలిగితే అదృష్టమే, ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం మబ్బు రోజే మేలు. చలికాలంలో ఒక్క జాగ్రత్త: డిసెంబరులో సాయంత్రం ఐదుకల్లా పొద్దు గుంకుతుంది. ఆ తర్వాత తలుపులు తెరిచే ఉన్నా కిటికీలు నల్లటి పలకలే.

బయట ఒక గంట

ముఖద్వారం ఎదుట నిలబడి ముందుగా రెండు శిఖరాలను పోల్చండి. కుడివైపుది 105 మీటర్లు, 12వ శతాబ్దానిది, నగిషీ పెద్దగా లేని నున్నటి సూది. ఎడమవైపుది 113 మీటర్లు. అక్కడున్న పాత చెక్క శిఖరం 1506లో పిడుగుపాటుకు కాలిపోతే, 1507–1513 మధ్య జెహాన్ ద బోస్ అనే మేస్త్రీ రాతితో కట్టాడు. రెంటికీ నడుమ మూడున్నర శతాబ్దాలు. ఆ తేడాను దాచాలని ఎవరూ చూడలేదు.

ఇక తలుపుల దగ్గరికి రండి. ఈ మూడు ద్వారాలను రాజద్వారం అంటారు, చెక్కింది 1145 ప్రాంతంలో. 1194 జూన్ 10న వచ్చిన అగ్నిప్రమాదంలో వెనకనున్న చర్చి చాలావరకు కాలిపోయినా ముఖభాగం, నేలమాళిగ మిగిలాయి. ద్వారాల పక్కన స్తంభాల్లా నిటారుగా నిలిచిన విగ్రహాలు మొదట 24, ఇప్పుడున్నవి 19. మొహాల కంటే ముందు వాటి పాదాలు చూడండి. మునివేళ్లు కిందికి వాలి, బరువు లేనట్టు వేలాడుతుంటాయి. తర్వాత దక్షిణ ద్వారానికి నడిచి, ఎడమ తలుపు పక్కన కవచంతో నిలబడ్డ సెయింట్ థియొడోర్ పాదాలు చూడండి. ఈ యోధుడు నేల మీద గట్టిగా నిలబడ్డాడు, నడుము కొద్దిగా ఒరిగింది. ఈ రెండు జతల పాదాల మధ్య గడిచింది ఎనభై తొంభై ఏళ్లే. స్తంభంలో భాగమైన బొమ్మ స్తంభాన్ని వదిలి మనిషి కావడం ఐదు నిమిషాల నడకలో కళ్లకు కనబడుతుంది. శిల్పం గురించి ఇక్కడ ఇంకేమీ చూడకపోయినా ఇది మాత్రం చూడండి.

ఓపిక ఉంటే రాజద్వారంలో ఎడమ తలుపు పైనున్న కమాను వరసల్లో పన్నెండు నెలల పనులు, రాశులు వెతకండి. రాశులు పదే దొరుకుతాయి. మిథునం, మీనం అక్కడ పట్టక కుడి తలుపు మీదికి వెళ్లాయి. ఆ కుడి తలుపు కమానులోనే విద్యలు ఒక్కొక్కటి స్త్రీమూర్తిగా, ఆయా విద్యల పెద్దలతో కలిసి కనిపిస్తాయి. గంటలు మోగిస్తున్నది సంగీతం.

బయట చూడాల్సిన అసలు సంగతి పక్కల్లో, వెనక ఉంది. దక్షిణం వైపు కొంచెం దూరం జరిగి గోడను చూడండి. పెద్ద రాతి దిమ్మెల నుంచి పైగోడకు రాతి చేతులు చాచినట్టు కమానులు కనిపిస్తాయి. వీటినే ఫ్లయింగ్ బట్రెస్ అంటారు. లోపల కప్పు రాతిది. రాతి కమాను కిందికి దిగడంతో పాటు పక్కలకు కూడా తోస్తుంది, ఆ తోపుకు గోడ బయటికి ఒరిగిపోతుంది. పాత పద్ధతిలో గోడను మందంగా కట్టి ఆపేవారు, అప్పుడు కిటికీలు చిన్నవే సాధ్యం. ఇక్కడ తోపును ఈ రాతి చేతులు అందుకుని బయటి దిమ్మెలకు, అక్కణ్ణుంచి నేలకు దించేస్తాయి. ఆ దిమ్మెల నడుమ గోడకు మోసే బరువంటూ పెద్దగా ఉండదు, కాబట్టి అక్కడ అద్దం పెట్టవచ్చు. కింది రెండు చేతులను బండి చక్రం ఆకుల్లాంటి పొట్టి స్తంభాలు కలుపుతున్నాయి, చూడండి. ఇంత బరువైన ఏర్పాటు తర్వాతి కథీడ్రళ్లలో సన్నబడుతూ పోయింది. ఎత్తు కోసం మరీ సాహసించిన చోటు ఫ్రాన్సులోనే ఉన్న బోవే కథీడ్రల్: 48 మీటర్ల ఎత్తున కట్టిన అక్కడి కమాను కప్పులో కొంత 1284లో కూలింది. షార్త్ర్ మేస్త్రీల మోటుదనం నిజానికి ముందుచూపు.

కిటికీలు బయటినుంచి నల్లగా, మురికిగా కనబడి నిరాశ కలిగిస్తాయి. అవి లోపలి వైపునుంచి చూడడానికి చేసినవి. పైగా చాలావాటికి రక్షణగా బయట మరో అద్దం బిగించారు. కప్పు ఆకుపచ్చగా ఉండడానికి కారణం రాగి. పాత చెక్క దూలాల అడవి 1836లో కాలిపోయాక ఇనుప చట్రం వేసి రాగి రేకులు పరిచారు. చివరగా వెనకనున్న తోటకు వెళ్లండి. అక్కడినుంచి బట్రెస్‌లన్నీ ఒకేసారి కనబడతాయి, కింద పాత ఊరు కూడా.

లోపల మొదటి పదిహేను నిమిషాలు

తలుపు దాటగానే నడవకండి. వెనక వరస కుర్చీలో కూర్చోండి. ఎండలోంచి వచ్చిన కన్ను మసకకు అలవాటు పడడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది, ఆలోపు చూసినదంతా సగమే. బయట తిరిగేటప్పుడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఉంటే ఈ వ్యవధి తగ్గుతుంది. ఫోన్ తెర వెలిగించారంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

కూర్చున్న చోటినుంచే గోడను మూడు పొరలుగా చూడండి. కింద పెద్ద కమానుల వరస, నడిమిన ట్రిఫోరియం అనే సన్నని చీకటి నడవ, పైన కిటికీలు. అంతకు ముందటి పెద్ద చర్చిల్లో వీటి మధ్య ఇంకో వెడల్పాటి అంతస్తు ఉండేది. గోడను నిలబెట్టడంలో దానికీ పాత్ర ఉంది. బయటి బట్రెస్‌లు ఆ పని తీసుకున్నాక అది అక్కర్లేకపోయింది. ఆ మిగిలిన ఎత్తును కిటికీలకు ఇచ్చేశారు. అందుకే పైనున్న కిటికీలు కింది కమానులతో దాదాపు సమానమైన ఎత్తున్నాయి. నడిమి నడవ వెడల్పు 16 మీటర్ల పైన, కప్పు ఎత్తు సుమారు 37 మీటర్లు. స్తంభాల్లో కూడా ఒక ఆట ఉంది: గుండ్రటి స్తంభానికి ఎనిమిది పలకల సన్నకంబాలు, ఎనిమిది పలకల స్తంభానికి గుండ్రటి సన్నకంబాలు, ఒకటి విడిచి ఒకటి.

పాత ఫొటోలు చూసి వచ్చినవాళ్లు ఇక్కడ తెల్లబోతారు. ఒకప్పుడు పొగచూరి నల్లగా ఉన్న గోడలు ఇప్పుడు వెన్నరంగులో ఉన్నాయి. 2009లో మొదలైన పనుల్లో మసి తీసి, 13వ శతాబ్దపు పూతను, దాని మీద గీసిన తెల్లటి ఉత్తుత్తి రాతి అతుకుల గీతలను పునరుద్ధరించారు. దీనిమీద పెద్ద వివాదమే నడిచింది. చీకట్లో నీలం మాత్రమే తేలే ఆ పాత అనుభవం పోయిందన్నది నిజమే. అయినా కట్టినవాళ్లు వెలుగునే కోరుకున్నారు, మసిని కోరుకోలేదు. గోడల గీతలు, కమానుల ఒంపులు ఇంత స్పష్టంగా కనబడడం మొదటిసారి వచ్చేవారికి మేలే చేస్తుంది.

కిటికీని చదవడం

ఇక్కడ 170కి పైగా రంగుటద్దాల కిటికీలున్నాయి. ఎక్కువభాగం 13వ శతాబ్దం మొదటి సగానివి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పలక పలకగా విప్పి దాచి, తర్వాత బిగించారు. అన్నీ చూడాలని పూనుకుంటే ఏదీ చూడలేరు. ఐదు ఎంచుకుని, ఒక్కోదానికి పది నిమిషాలు ఇవ్వండి.

ముందు చదివే పద్ధతి. చాలా కిటికీల్లో కథ కిందినుంచి పైకి, ఎడమనుంచి కుడికి పోతుంది. మనం పుస్తకం అలవాటుతో పైనుంచి మొదలుపెడతాం, అందుకే కథ అందదు. అట్టడుగు పలకల్లో కథతో సంబంధం లేని మనుషులు పనిలో కనిపిస్తే ఆశ్చర్యపోకండి: చెప్పులు కుట్టేవారు, రొట్టె కాల్చేవారు, బండి చక్రాలు చేసేవారు. కిటికీ ఇచ్చిన వృత్తులకు గుర్తులుగా ఈ పలకలను చెబుతారు. ఎరుపు నీలాల మీదున్న సన్నటి నల్లగీతలు రంగుటద్దం మీద పూసి కాల్చినవి. మొహాలు, మడతలు వాటితోనే వచ్చాయి. మందపు నల్లగీతలు ముక్కల్ని పట్టుకున్న సీసపు పట్టీలు.

సాధన చేయడానికి దక్షిణపు పక్క నడవలోని మంచి సమరయుని కిటికీ తగినది. కింద చెప్పులు కుట్టేవారు. వారి పైన యెరూషలేము నుంచి బయలుదేరిన బాటసారి, దొంగలు, పట్టించుకోకుండా సాగిపోయిన యాజకుడు, ఆగి గాయాలు కట్టిన సమరయుడు. ఆ కథ ముగిసిన చోట ఆదాము హవ్వల సృష్టి, పతనం మొదలవుతాయి. రెండు కథలు ఒకే కిటికీలో ఎందుకని కాసేపు నిలబడి ఆలోచించండి. దెబ్బతిని దారిలో పడి ఉన్న బాటసారి ఆదాము సంతతే, అంటే మనిషే, అని ఆనాటి బోధ. ఎదురు వైపు, ఉత్తరపు నడవలో నోవహు కిటికీ ఉంది. ఓడ కథ కాబట్టి అడుగున వడ్రంగులు కనిపించడం ముచ్చటగా ఉంటుంది.

మూడోది, అందరూ వెతికేది, నీలి మరియమాత. ఫ్రెంచివారు నోత్రదామ్ ద ల బెల్ వెరియెర్ అంటారు. దక్షిణపు అడ్డం భాగం (నడవకు అడ్డంగా పక్కకు చొచ్చుకొచ్చే ట్రాన్సెప్ట్) దాటగానే, బలిపీఠం చుట్టూ తిరిగే నడవలో తొలి కిటికీల్లో ఉంటుంది. ఎర్రని నేపథ్యం మీద లేత నీలం దుస్తుల్లో మరియ, ఒడిలో బాలయేసు. ఆ నడిమి పలకలు 1180 ప్రాంతానివి, 1194 మంటల నుంచి బయటపడ్డాయి. చుట్టూ ఉన్న దేవదూతలు 13వ శతాబ్దపు చేర్పు. బైనాక్యులర్‌తో రెంటి నీలాలను పోల్చండి. పాత నీలం తేలిగ్గా, నీళ్లలా ఉంటుంది, కొత్తది చిక్కన. ఆ పాత నీలపు గాజులో సోడా శాతం ఎక్కువ కావడంతో వానకు, తేమకు తట్టుకుంది. కలప బూడిద పొటాష్‌తో చేసిన గాజు త్వరగా పొక్కి మసకబారుతుంది.

అదే పాత నీలం ముఖద్వారం పైనున్న మూడు పొడుగు కిటికీల్లోనూ ఉంది. లోపలినుంచి వాటివైపు తిరిగితే కుడిచేతి వైపుది యేసు వంశానికి మూలపురుషుడైన యెష్షయి వంశవృక్షం: పడుకున్న యెష్షయి ఒంట్లోంచి చెట్టు లేచి, కొమ్మకో రాజుగా పైకి పాకుతుంది. వీటిని సాయంత్రానికి అట్టిపెట్టుకోండి.

చివరగా గుండ్రటి కిటికీల జంట. ఉత్తరపుదాని మూలల్లో పసుపు లిల్లీలు, కోటలు కనబడతాయి. లిల్లీ ఫ్రాన్సు రాజవంశానిది, కోట స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యానిది. రాణి బ్లాంష్ ద కాస్టీయ్ ముద్ర అది. కింద నడుమ ఉన్నది మరియ తల్లి అన్న, అటూ ఇటూ పాత నిబంధన యాజకులు, రాజులు: మెల్కీసెదెకు, దావీదు, సొలొమోను, అహరోను. దక్షిణపుదాని కిందనున్న బొమ్మలు మొదటిసారి చూసినవారికి వింతగా తోస్తాయి: యేసు జీవితాన్ని రాసిన నలుగురు సువార్తికులు పాత నిబంధనలోని నలుగురు ప్రవక్తల భుజాలెక్కి కూర్చున్నారు. యిర్మీయా మీద లూకా, యెషయా మీద మత్తయి, యెహెజ్కేలు మీద యోహాను, దానియేలు మీద మార్కు. కొత్త నిబంధన పాత నిబంధన మీద నిలబడి మరింత దూరం చూస్తుందని చెప్పడానికి ఇంతకంటే సూటి దారి లేదు.

నేల మీద చూడాల్సినవి

నడిమి నడవ నేలలో దాదాపు 13 మీటర్ల వెడల్పున గుండ్రటి రాతి చిక్కుదారి ఉంది. దారి ఒక్కటే, ఎక్కడా మూసుకుపోదు, తప్పిపోయే ప్రసక్తి లేదు. పొడవు సుమారు 260 మీటర్లు. మామూలు రోజుల్లో దానిమీద కుర్చీలు ఉంటాయి. నడవాలనుకుంటే శుక్రవారం రండి: సాధారణంగా శ్రమదినాల కాలం (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు) నుంచి అక్టోబరు చివరి దాకా ఆ రోజున కుర్చీలు తీస్తారు. ముందున్నవారిని దాటబోకండి, మెల్లగా నడవండి.

దక్షిణపు అడ్డం భాగంలో మిగతా వాటికి భిన్నంగా ఏటవాలుగా పొదిగిన తెల్లరాయి, దానిలో లోహపు మేకు కనిపిస్తాయి. పైన సెయింట్ అపొలినేర్ కిటికీలో చిన్న రంధ్రం వదిలారు. జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ ఆ రంధ్రంలోంచి వచ్చిన కిరణం మేకు మీద పడుతుంది. గడియారంలో పన్నెండుకు వెళ్లి నిలబడితే ఏమీ కనబడదు. ఫ్రాన్సు వేసవి గంటల్లో అక్కడి అసలైన మిట్టమధ్యాహ్నం సుమారు 1:55. ఒక పావుగంట ముందే చేరుకోండి.

మిగతావి

బలిపీఠం చుట్టూ ఉన్న రాతి తెర 1514లో మొదలై, పూర్తి కావడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. 40 ఘట్టాలు, 200 దాకా విగ్రహాలు. ఒక చుట్టు తిరిగితే చాలు. ఆ చుట్టులోనే మరియమాతదిగా నమ్మే వస్త్రాన్ని దర్శించవచ్చు. 876లో రాజు చార్లెస్ ది బాల్డ్ దీన్ని ఇచ్చాడని సంప్రదాయం. 1194 మంటల్లో అది కాలిపోయిందనుకున్నారు. మూడు రోజులకు నేలమాళిగలో భద్రంగా దొరికిందన్న వార్తే ఊరికి మళ్లీ కట్టే ఊపు ఇచ్చిందని చెబుతారు. ఆ నేలమాళిగ ఫ్రాన్సులోకెల్లా పెద్దది, గైడుతో మాత్రమే వెళ్లాలి, వ్యాఖ్యానం ఎక్కువగా ఫ్రెంచిలో ఉంటుంది. బురుజు మెట్లు ఇరుకు, మలుపుల మీద మలుపులు. మోకాళ్లు నొప్పి ఉన్నా, ఇరుకుచోట గాభరా పుట్టినా వద్దు.

ఇది ఇప్పటికీ పూజ జరిగే చర్చి. ఆదివారం ఉదయం, పండుగ రోజుల్లో మాస్ అనే ఆరాధన జరిగేటప్పుడు తిరగకూడదు. వెనక నిశ్శబ్దంగా కూర్చుని వినవచ్చు, ఆర్గన్ నాదం అప్పుడే వినబడుతుంది. చెప్పులు విప్పనక్కర్లేదు. మగవారు టోపీ తీయాలి, భుజాలు కప్పుకోవడం మర్యాద.

ఫొటోలకు ఫ్లాష్ వేయకండి. కిటికీ రంగు వెనకనుంచి వచ్చే వెలుగుది, ముందునుంచి వేసిన ఫ్లాష్ సీసపు పట్టీలను, దుమ్మునే చూపుతుంది. కెమెరాను దాని మానాన వదిలేస్తే చీకటి గోడను చూసి వెలుతురు పెంచేస్తుంది, అద్దం తెల్లగా మాడిపోతుంది. ఫోన్ తెర మీద అద్దంలో బాగా వెలిగే చోట వేలు పెట్టి, వెలుతురును ఒకటి నుంచి రెండు స్టాపుల (కెమెరాలో వెలుతురు కొలత) దాకా తగ్గించండి. గోడ నల్లబడినా ఫర్వాలేదు.

మూసే వేళకు గంట ముందు, పొద్దు ఇంకా ఉండగా మళ్లీ లోపలికి రండి. ఈసారి బలిపీఠం వైపునుంచి ముఖద్వారం కేసి తిరిగి కూర్చోండి. ఉదయం చల్లగా ఉన్న మూడు పొడుగు కిటికీలు ఇప్పుడు ఎండతో నిండి ఉంటాయి, యెష్షయి చెట్టు పై కొమ్మదాకా వెలుగుతుంది. వసంతం నుంచి శరదృతువు దాకా రాత్రి ముఖభాగం మీద రంగుల దీపాలు ప్రదర్శిస్తారు. దానికోసం ఆగాలనుకుంటే, పారిస్‌కు ఆఖరి రైలు ఎన్నింటికో ముందే చూసి ఉంచుకోండి. వేసవిలో చీకటి పడేసరికి చాలా ఆలస్యమవుతుంది.